ఐబీఎం ఎంక్యూ ట్రేస్: సపోర్ట్ బృందం దృష్టిలో ఒక సమీక్ష

సందేశాలను ఒక ప్రోగ్రాం నుంచి మరో ప్రోగ్రాంకు చేరవేసే మిడిల్‌వేర్‌లో అన్నిటికంటే ఎక్కువ వేధించేది, ఎప్పుడో ఒకసారి వచ్చి, మనం లాగిన్ అయ్యేలోపే మాయమయ్యే లోపం. హనుమకొండ నుంచి పత్తి వ్యాపార సంస్థల సర్వర్లకు సపోర్ట్ ఇచ్చే మా బృందానికి ఇలాంటివి సీజన్‌లోనే ఎదురవుతాయి. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌లో బండ్లు వరుస కట్టే ఆ రోజుల్లో చెల్లింపు సందేశాలు ఆగితే రైతు డబ్బు ఆగినట్టే. అందుకే అలాంటి మిడిల్‌వేర్ అయిన ఐబీఎం ఎంక్యూలోని ట్రేస్‌ను, అంటే లోపల జరిగే ప్రతి అడుగునూ ఫైలులో నమోదు చేసే సౌకర్యాన్ని నేను చాలా విలువైనదిగా భావిస్తాను.

ట్రేస్ మొదలుపెట్టే ఆదేశం ఎస్‌టీఆర్‌ఎంక్యూటీఆర్‌సీ, ఆపేది ఎండ్‌ఎంక్యూటీఆర్‌సీ. ఆదేశం ఒక్క వరుసే అయినా, ఏ ఆప్షన్లు లేకుండా ప్రొడక్షన్‌లో, అంటే అసలు పని నడిచే సర్వర్‌లో నడిపితే ప్రతి ప్రాసెస్‌కూ విడివిడిగా ఫైళ్లు పుట్టి డిస్కును మింగేస్తాయి, వేగమూ తగ్గుతుంది. మైనస్ ఎం ఆప్షన్‌తో ఒక్క క్యూ మేనేజర్‌కూ (సందేశాల వరుసలను నిర్వహించే భాగం), మైనస్ పీ ఆప్షన్‌తో ఛానెళ్లను (నెట్‌వర్క్ మీద సందేశాలు వెళ్లే దారులు) నడిపే ఏఎంక్యూఆర్‌ఎంపీపీఏ వంటి ప్రాసెస్‌కూ పరిమితం చేయవచ్చు. మైనస్ ఎల్ ఆప్షన్‌తో మెగాబైట్లలో పరిమితి పెడితే, నిండిన ఫైలు పేరు చివర టీఆర్‌సీ బదులు టీఆర్‌ఎస్ చేరి అది పక్కకు జరిగి కొత్త ఫైలు మొదలవుతుంది. కాబట్టి 200 అని రాస్తే పాతదీ కొత్తదీ కలిపి ఒక్కో ప్రాసెస్‌కు 400 మెగాబైట్ల వరకు చోటు ఉంచుకోవాలి. లైనక్స్‌లో ట్రేస్ ఫైళ్లు పడే చోటూ క్యూ మేనేజర్ లాగులూ ఒకే ఫైల్ సిస్టంలో ఉన్నాయేమో ముందే చూసుకోవడం తప్పనిసరి.

గత సీజన్‌లో ఒక ఖాతాదారు సంస్థ దగ్గర రాత్రిపూట కనెక్షన్లు 2009 కోడ్‌తో (కనెక్షన్ తెగిందని అర్థం) తెగిపోయేవి. ఎర్రర్ లాగులో ఏఎంక్యూ9208 అనే సందేశం మాత్రమే కనిపించింది. అవతలి హోస్టు నుంచి డేటా అందుకోవడంలో లోపమని, నెట్‌వర్క్ ఇచ్చిన రిటర్న్ కోడ్‌తో సహా అది చెబుతుంది, అసలు కారణం మాత్రం చెప్పదు. ఛానెల్ ప్రాసెస్‌కు మాత్రమే ట్రేస్ పెట్టి, డీఎస్‌పీఎంక్యూటీఆర్‌సీతో చదవగలిగే రూపంలోకి మార్చి చూశాము. ప్రతి ఫంక్షన్ లోపలికి వెళ్లేటప్పుడు ఒక మీసాల బ్రాకెట్, బయటికి వచ్చేటప్పుడు మరొకటి, విఫలమైతే దాని పక్కన ఆశ్చర్యార్థకం, అన్నిటికీ మైక్రోసెకన్ల వరకు సమయం. ఆశ్చర్యార్థకాలను వెతుక్కుంటూ వెళ్తే, చాలాసేపు కదలిక లేని సాకెట్‌లో (నెట్‌వర్క్ కనెక్షన్ కొసలో) చదవబోగానే 104, అంటే కనెక్షన్ రీసెట్, వచ్చిందని తేలింది. కనెక్షన్ బతికే ఉందో లేదో చూసేందుకు పంపే హార్ట్‌బీట్ సంకేతాల విరామం డిఫాల్ట్‌గా 300 సెకన్లు ఉండగా, మధ్యనున్న ఫైర్‌వాల్ అంతకంటే ముందే ఖాళీ కనెక్షన్లను తెంచేస్తోంది. విరామం తగ్గించగానే సమస్య పోయింది.

నాకు మరింత నచ్చినది, నిర్దేశించిన ఎఫ్‌డీసీ (లోపం ఎదురైనప్పుడు ఎంక్యూ రాసే నివేదిక) పడగానే ట్రేస్ మొదలయ్యేలా లేదా ఆగేలా చేసే ట్రిగ్గర్లు. ఇన్ని సెకన్ల తర్వాత దానంతటదే ఆగిపొమ్మని కూడా చెప్పవచ్చు. రాత్రంతా మనిషి కాపలా కూర్చునే అవసరం ఇవి తీసేస్తాయి.

లోటు కూడా చెప్పాలి. విండోస్‌లో ట్రేస్ నేరుగా చదవగలిగే రూపంలో వస్తుంది, లైనక్స్‌లో మాత్రం మార్చుకోవలసిందే. పైగా సందేశాల్లోని అసలు సమాచారం కూడా ట్రేస్‌లో పడే వీలుంది. రైతుల ఖాతా నంబర్లు బయటి సపోర్ట్ సంస్థకు చేరడం నాకు సమ్మతం కాదు, కనుక సందేశాల సమాచారాన్ని నమోదు చేయవద్దని చెప్పే మైనస్ డీ సున్నా పెట్టకుండా ప్రొడక్షన్ ట్రేస్ తీయవద్దని మా బృందానికి ఖచ్చితంగా చెప్పాను.

సపోర్ట్ సంస్థకు పంపేటప్పుడు ట్రేస్ ఫైళ్లు ఒక్కటే సరిపోవు. రన్‌ఎంక్యూరాస్ ఆదేశం ఎర్రర్ లాగులు, ఎఫ్‌డీసీలు, కాన్ఫిగరేషన్ వివరాలు ఒకే జిప్‌లోకి చేరుస్తుంది, ట్రేస్ విభాగాన్ని కోరితే ఆ ఫైళ్లనూ కలుపుతుంది. దానితోపాటు లోపం కనిపించిన సమయాన్ని, సర్వర్ గడియారం ఏ టైమ్‌జోన్‌లో ఉందో రాసి పంపండి. అవి లేకపోతే సపోర్ట్ ఇంజినీరు నుంచి మొదట వచ్చేది వాటిని అడిగే ప్రశ్నే, ఒక రోజు అక్కడే పోతుంది.