కోల్‌స్లా: మయొనైజ్‌తోనా, వెనిగర్‌తోనా?

కోల్‌స్లా అంటే సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ సలాడ్; దాన్ని మయొనైజ్‌తోనో, వెనిగర్‌తోనో కలుపుతారు. మయొనైజ్ రకంలో గొడవంతా నీళ్లతోనే. అరకిలో క్యాబేజీ సన్నగా తరిగి, టీస్పూను ఉప్పు కలిపి, చిల్లుల గిన్నెలో గంటసేపు ఉంచి గట్టిగా పిండాలి. పిండకపోతే క్యాబేజీలో ఊరే నీటికి డ్రెస్సింగ్ పల్చబడి అడుగున తెల్లనీళ్లు చేరతాయి. అరకప్పు మయొనైజ్, టేబుల్‌స్పూను వెనిగర్, టీస్పూను పంచదార చాలు. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. బయట రెండు గంటలే; 32 డిగ్రీలు దాటిన ఎండలో గంటే.

వెనిగర్ రకానికి పావుకప్పు వెనిగర్, రెండు టేబుల్‌స్పూన్ల చొప్పున నూనె, పంచదార వేడిచేసి పోస్తే సరి. అమెరికా నార్త్ కరోలినా రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో నూనెకు బదులు కెచప్ కలిపి పంది బార్బెక్యూతో వడ్డిస్తారు. ఇది మర్నాటికే రుచెక్కుతుంది (కరకర కాస్త తగ్గినా). ముందురోజే చేసి పెట్టుకోవాలంటే ఇదే నయం. మయొనైజ్‌దైతే తినే గంట ముందు కలపండి.