16 నెలల నర్సింగ్ చదువు, రెండున్నరేళ్ల అంకి కార్డులు

ముందు తీర్పు చెప్పేసి తర్వాత కథలోకి వెళ్తాను. అంకి అనేది ఫ్లాష్‌కార్డుల సాఫ్ట్‌వేర్. 2023 ఆగస్టులో నర్సింగ్ చదువు మొదలైన వారం నుంచి వాడుతున్నాను. చదువు ముగిసి, లైసెన్సు వచ్చి, ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తున్న ఇప్పుడు కూడా మానలేదు. మందుల పేర్లు గుర్తుండడానికి మొదలుపెట్టాను. గుర్తున్నాయి. కానీ అసలు మేలు అది కాదు. ఆ 16 నెలల్లో "ఈ రోజుకు చాలు, ఇక మూసెయ్" అని నాకు చెప్పింది అదొక్కటే. టీచర్లు ఆ మాట చెప్పరు, తోటి విద్యార్థులు అసలే చెప్పరు, నా మనసైతే చచ్చినా చెప్పేది కాదు.

నేను ఉండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. గుంటూరులో మైక్రోబయాలజీ చదివాను. మూడేళ్ల బీఎస్సీకి రెండేళ్ల ఎమ్మెస్సీ కలిపి మదింపు చేయిస్తే ఇక్కడి బ్యాచిలర్ డిగ్రీకి సమానమని కాగితం వచ్చింది. అనాటమీ, ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్ లేవన్నారు. వాటిని కమ్యూనిటీ కాలేజీలో చదివి, ఆ తర్వాత ఏక్సెలరేటెడ్ నర్సింగ్‌లో చేరాను. వేరే సబ్జెక్టులో ఇప్పటికే డిగ్రీ ఉన్నవారికి బీఎస్సీ నర్సింగ్‌ను కుదించి, సాధారణంగా 11 నుంచి 18 నెలల్లో పూర్తి చేయించే చదువు ఇది. నాది 16 నెలలు, నాలుగు టర్ములు, మధ్యలో వేసవి సెలవులు లేవు. చేరేనాటికి మా అమ్మాయికి ఆరేళ్లు.

ఒక వారం ఎలా ఉండేదో చెబితే మిగతాది అర్థమవుతుంది. రెండు రోజులు ఆసుపత్రిలో 12 గంటల క్లినికల్స్, అంటే రోగుల దగ్గర చేసే శిక్షణ. ఆ రోజుల్లో తెల్లవారుజామున నాలుగున్నరకు లేవాలి, ఆరూముప్పావుకు వార్డులో ఉండాలి. రెండు రోజులు తరగతులు. చూసుకున్న రోగికి ఏ సేవలు ఎలా చేయాలో చెప్పే కేర్ ప్లాన్ రాసి ఇవ్వాలి. నా మొదటిది 14 పేజీలు వచ్చింది. దాదాపు ప్రతి సోమవారం ఏదో ఒక పరీక్ష. పరీక్షల సగటు 75 దాటకపోతే ఆ సబ్జెక్టు పోయినట్టే, 74.9 వచ్చినా పైకి సర్దరు. ప్రతి టర్ము మొదట్లో మందు మోతాదుల లెక్కల పరీక్షలో 90 రావాలి, లేకపోతే వార్డులోకి రానివ్వరు. ఇందులో ఏ ఒక్కటీ విడిగా చూస్తే కష్టం కాదు. అన్నీ ఒకే బుధవారం మీద వచ్చి కూర్చుంటాయి, అదీ కష్టం.

ఇక అంకి. డేమియన్ ఎల్మ్స్ అనే ఆయన దీన్ని 2006లో తయారుచేశారు. జపనీస్‌లో ఆ మాటకు కంఠస్థం చేయడం అని అర్థం. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం. ఐఫోన్‌కు మాత్రం దాదాపు 25 డాలర్లు ఒకేసారి కట్టాలి. కార్డుకు ఒక వైపు ప్రశ్న, రెండో వైపు జవాబు. జవాబు చూశాక నాలుగు బటన్లు: మళ్లీ, కష్టం, బాగుంది, సులువు. మీరు నొక్కినదాన్ని బట్టి ఆ కార్డు పది నిమిషాల్లో తిరిగి రావాలో, పది రోజులకో, నాలుగు నెలలకో అదే లెక్కవేస్తుంది.

దీన్ని మా అమ్మ నాకన్నా బాగా చెప్పింది. అమ్మ తెలుగు టీచరుగా పనిచేసి రిటైరైంది. 2024 వసంతంలో వచ్చి ఆరు నెలలు మాతో ఉంది. నేను ఫోను చూసుకుంటూ గొణుక్కోవడం గమనించి, ఏమిటని అడిగి, విని, "ఓస్, ఎక్కాలు అప్పజెప్పించుకోవడమే కదా" అంది. "రెండో ఎక్కం వచ్చేసిన పిల్లాడిని నెలకోసారి అడిగేవాళ్లం. పదమూడో ఎక్కం దగ్గర తడబడేవాడిని రోజూ నిలబెట్టేవాళ్లం." అంతే. ఆ పదమూడో ఎక్కాన్ని వెతికిపెట్టే పని కంప్యూటర్ చేస్తుంది.

మొదటి టర్ములో నేను చేసిన తప్పు బటన్లతోనే. జవాబు మరిచిపోయినా "మళ్లీ" నొక్కడానికి మనసొప్పేది కాదు, "కష్టం" నొక్కేదాన్ని. ఎవరూ చూడని చోట కూడా పరువు! కానీ "కష్టం" అంటే గుర్తొచ్చింది కానీ ఆలస్యంగా వచ్చింది అని అర్థం. అది పాసు మార్కే. నేను మరిచిపోయిన కార్డులన్నింటినీ గుర్తున్నట్టు లెక్కవేసి అంకి దూరం పంపేసింది. నవంబరు పరీక్షలో అవన్నీ ఒక్కసారిగా ఎదురుపడ్డాయి. అప్పటి నుంచి రెండే బటన్లు వాడుతున్నాను, మళ్లీ, బాగుంది. మిగతా రెండూ నా దృష్టిలో లేనట్టే.

రెండో టర్ములో ఇంతకన్నా పెద్ద తప్పు. ఎవరో తయారుచేసి పెట్టిన తొమ్మిది వేల కార్డుల కట్టను దించుకున్నాను. ఫార్మకాలజీ (మందుల శాస్త్రం), మెడ్-సర్జ్ (పెద్దల జబ్బులు, ఆపరేషన్లకు సంబంధించిన నర్సింగ్), పిల్లల నర్సింగ్, అన్నీ అందులో ఉన్నాయి. ఉచితంగా వస్తే ఎవరు వదులుకుంటారు? రోజుకు 20 కొత్త కార్డులు, 200 పాతవి అని అంకి మొదట్లో తానే ఒక హద్దు పెట్టి ఇస్తుంది. ఎవరి సలహానో విని ఆ హద్దు తీసేసి కొత్తవి వందకు పెంచాను. మూడు వారాలకు ఒక గురువారం క్లినికల్స్ ముగించుకుని కారులో కూర్చుని తెరిస్తే, ఆ రోజు చూడాల్సినవి 1,400 అని చూపింది. ఆసుపత్రి పార్కింగ్‌లో ఏడ్చాను. నలభై నిమిషాలు కారు తీయలేదు. రాత్రి తొమ్మిదింటికి ఇంటికి వెళ్తే మా అమ్మాయి నిద్రపోయింది.

ఆ వారమే కాలేజీలోని కౌన్సెలర్ దగ్గరకు వెళ్లాను. విద్యార్థులకు ఉచితం. ఐదుసార్లు వెళ్లాను. మనవాళ్లలో ఈ మాట బయటికి చెప్పడానికి ఇప్పటికీ సంకోచమే కాబట్టి కావాలనే రాస్తున్నాను. ఆవిడ పెద్ద బోధలేమీ చేయలేదు. "మీ పని ఈ రోజుకు పూర్తయిందని మీకు ఎలా తెలుస్తుంది?" అని ఒక ప్రశ్న వేశారు. నా దగ్గర జవాబు లేదు. చదువు ఉన్నంతసేపు చదవాలి, నిద్ర ఆగనప్పుడు పడుకోవాలి, నాకు తెలిసిన లెక్క అదే.

ఇంటికి వచ్చి ఆ తొమ్మిది వేల కార్డులనూ తీసేశాను. చేతులు వణికాయంటే నమ్మండి. నా చేత్తో రాసుకున్నవి మాత్రమే ఉంచాను, అప్పటికి అవి ఆరువందల చిల్లర. కొత్తవి రోజుకు 12కు మించకూడదని పెట్టుకున్నాను. చివరి కార్డు అయిపోగానే, ఈ కట్ట ఇప్పటికి పూర్తయింది, అభినందనలు అని తెర మీద ఒక వాక్యం వస్తుంది. అంతకుముందు దాన్ని ఎప్పుడూ చూడలేదు. మొదటిసారి చూసిన రాత్రి ఎనిమిదిన్నర అయింది. ఏం చేయాలో తోచక వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోమాను.

తర్వాత అదే మా ఇంటి గడియారం అయింది. స్కూలు నుంచి రాగానే మా అమ్మాయి, "అమ్మా, ఇంకా ఎన్ని?" అని అడిగేది. 40 అంటే ఇరవై నిమిషాలు బొమ్మలేసుకుంటూ కూర్చునేది. "అయ్యాయి" అంటే వచ్చి ఒళ్లో పడేది. ఎప్పుడు ముగుస్తుందో తెలియని తల్లి చదువుకన్నా, 40 అని అంకె ఉన్న చదువు పిల్లలకు నయం. మా ఆయనకూ అంతే. పప్పుచారు పొయ్యి మీద పెట్టి, అంకె అడిగి, దాన్ని బట్టి అన్నం కుక్కరు పెట్టేవాడు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన అంశం చెబుతాను: జలగలు. ఒక కార్డును మీరు ఎనిమిదిసార్లు మరిచిపోతే అంకి దానికి జలగ అని ముద్రవేస్తుంది, సెట్టింగును బట్టి పక్కన కూడా పెట్టేస్తుంది. నిజంగానే ఇంగ్లిషులో దాని పేరు అదే. మొదట్లో జలగలను చూస్తే అవమానంగా అనిపించేది. తర్వాత తెలిసింది, జలగ అంటే గుర్తులేనిది కాదు, అర్థం కానిది. డయాబెటిస్ ఇన్‌సిపిడస్, ఎస్‌ఐఏడీహెచ్ అనే రెండు జబ్బులున్నాయి. ఒకదానిలో ఒంట్లో నీరు మూత్రంగా పోతూనే ఉంటుంది, రెండోదానిలో పోవాల్సిన నీరు నిలిచిపోతుంది. దేనిలో సోడియం పెరుగుతుంది, దేనిలో తగ్గుతుంది అన్నది నాకు ఎనిమిది కాదు, పదిసార్లు తారుమారైంది. చివరికి ఆ కార్డును తెలుగులో తిరగరాశాను. మొదటిది చిల్లు కుండ: నీరు కారిపోతే మిగిలిన నీటిలో ఉప్పు చిక్కబడుతుంది. రెండోది తూము మూసిన చెరువు: నీరు చేరేకొద్దీ ఉప్పు పలచబడుతుంది. ఆ తర్వాత ఒక్కసారి కూడా తప్పలేదు.

అప్పటి నుంచి జలగలన్నింటినీ తెలుగులోకి దించాను. రెండు రకాల ఇన్సులిన్‌ను ఒకే సిరంజిలోకి తీసుకునేటప్పుడు తేటగా ఉండే రెగ్యులర్‌ను ముందు, మబ్బుగా ఉండే ఎన్‌పీహెచ్‌ను తర్వాత తీయాలి. నా కార్డు మీద ఉన్నది "తేట ముందు, మడ్డి తర్వాత". గుండె ఎడమ వైపు నీరసిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు, కుడి వైపు నీరసిస్తే కాళ్లకు వాపు: "ఎడమ ఊపిరికి, కుడి ఒంటికి". పరీక్ష ఇంగ్లిషులోనే, ఉద్యోగమూ ఇంగ్లిషులోనే. కానీ తడబడినప్పుడు ముందుగా అందేది మాత్రం తెలుగే.

అంకి చేయలేనిదీ ఉంది, అది చిన్నది కాదు. మెడ్-సర్జ్ మొదటి పరీక్షలో నాకు 71 వచ్చింది. కార్డులన్నీ కంఠతా వచ్చు! అదే వారం వార్డులో ఇన్‌స్ట్రక్టర్ ఒక రోగి రిపోర్టు చూపి, "పొటాషియం 2.9 ఉంది, ఇప్పుడు ఫ్యూరోసెమైడ్ ఇవ్వాలి" అన్నారు. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు అది. "ఉండాల్సింది 3.5 నుంచి 5" అని టక్కున చెప్పాను. "సరే, ఏం చేస్తావు?" అన్నారు. నోరు పెగల్లేదు. ఫ్యూరోసెమైడ్ పొటాషియాన్ని ఇంకా తగ్గిస్తుందని తెలిపే కార్డు కూడా నా దగ్గర ఉంది. రెండు కార్డులను కలిపి, మందు ఆపి, గుండె లయ చూసి, డాక్టరుకు ఫోను చేయాలని చెప్పే కార్డు లేదు.

నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ కూడా అడిగేది దాన్నే. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో ఒక రోగి కథ ఇచ్చి దాని చుట్టూ వరుసగా ప్రశ్నలు వేస్తారు. నలుగురు రోగుల్లో ముందు ఎవరి దగ్గరకు వెళ్తావు అన్నదానికి కంఠస్థం పనికిరాదు. దానికి ప్రశ్నల బ్యాంకు కొనుక్కుని రోజూ కొన్ని చేయాల్సిందే. అక్కడ తప్పిన ప్రతి ప్రశ్నకూ ఒక కార్డు రాసుకున్నాను. జవాబును కాదు, నేను ఎందుకు మోసపోయానో రాశాను. "నొప్పితో అరుస్తున్నవాడిని చూసి, నిశ్శబ్దంగా ఊపిరి అందక కూర్చున్నవాడిని వదిలేశావు." ఇలాంటివి చివరికి మూడువందలు అయ్యాయి. నా మొత్తం 4,300 కార్డుల్లో నిజంగా పరీక్ష గట్టెక్కించినవి ఇవే అనుకుంటాను.

మరికొన్ని విషయాలు త్వరగా. సెట్టింగుల పేజీ కొత్తవారిని బెదరగొడుతుంది, మొదటి నెల దాని జోలికి వెళ్లకండి. 2023 చివర్లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త లెక్క పద్ధతిని ఆన్ చేశాక నాకు రోజువారీ కార్డులు కొంత తగ్గాయి. బొమ్మలో పేర్లు కప్పి అడిగే సౌకర్యం గుండె, మూత్రపిండాల పటాలకు బాగా పనికొచ్చింది. ఫోనులోని కార్డులు ఉంచాలా, కంప్యూటర్‌లోనివా అని అంకి అడిగినప్పుడు ఒకసారి నిద్రమత్తులో తప్పుడు బటన్ నొక్కి రెండు రోజుల కార్డులు పోగొట్టుకున్నాను. కంప్యూటర్‌లో అది తనంతట తానే బ్యాకప్‌లు దాస్తుందని ఆ తర్వాత తెలిసింది. ఒక హెచ్చరిక కూడా: వార్డులో చూసిన రోగి పేరు, గది నంబరు, ఫొటో ఏదీ కార్డు మీద పెట్టకండి. గోప్యత చట్టం సంగతి అటుంచినా, అది మన ఫోనులో ఉండాల్సిన విషయం కాదు.

2024 డిసెంబరులో చదువు ముగిసింది. ఫిబ్రవరిలో ఎన్‌క్లెక్స్ రాశాను. ప్రశ్నలు 85 నుంచి 150 వరకు ఎన్నైనా రావచ్చు. నాకు 85 దగ్గర ఆగింది. ఆగినప్పుడు పాసో ఫెయిలో తెలియక, ఇంటికి వచ్చి అలవాటుగా ఆ రోజు కార్డులు తెరిచి, అయ్యాక పడుకున్నాను. ఇప్పుడు రోజుకు ముప్ఫై కార్డుల లోపే. ఎక్కువగా మా ఫ్లోర్‌లో వాడే మందులవి.

మొన్న మా పిన్ని కూతురు న్యూజెర్సీలో ఇలాంటి చదువులోనే చేరి, "అక్కా, నీ కట్ట మొత్తం పంపు" అని అడిగింది. పంపనన్నాను. రెండు రోజులు అలిగింది. పోనీలే అని చిల్లు కుండ, తూము చెరువు ఉన్న ఒక్క కార్డు ఇంగ్లిషు అక్షరాల్లో రాసి పంపాను. ఆ పిల్ల పుట్టిందీ పెరిగిందీ న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనే. సాయంత్రం ఫోను చేసి, "కుండ అర్థమైంది కానీ, తూము అంటే ఏమిటక్కా?" అంది. బాత్‌టబ్‌తో తిరగరాసుకోమన్నాను.