డెంగ్యూ వార్డులో ఐదు రోజులు: ఒక ఆసుపత్రి సేవలపై సమీక్ష

గత వర్షాకాలంలో మా నాన్నగారిని డెంగ్యూతో విజయవాడలోని ఒక మధ్యతరహా ప్రైవేటు ఆసుపత్రిలో ఐదు రోజులు ఉంచవలసి వచ్చింది. మెచ్చుకోవలసినవాటితో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి కనుక ఆసుపత్రి పేరు రాయడం లేదు.

ఉదయం రక్తపరీక్ష ఫలితాలు వచ్చే వేళకు నర్సుల బల్ల చుట్టూ మూగే బంధువులందరిదీ ఒకటే ప్రశ్న: "కౌంట్ ఎంతండీ?" నేనూ వారిలో ఒకణ్ణే. ప్లేట్‌లెట్లు 31,000కు దిగిన రోజున బొప్పాయి ఆకు రసం పంపమని ఇంటికి ఫోను కూడా చేశాను. రక్తస్రావం లేనప్పుడు ఆ సంఖ్యకు ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కరలేదని డాక్టరుగారు నిక్కచ్చిగా చెప్పారు. బిల్లు పెంచుకునే అవకాశాన్ని వదులుకున్నందుకు ఆ ఆసుపత్రిపై నాకు మొదటిసారి నమ్మకం కుదిరింది.

జ్వరం మొదలైన ఆరో రోజుకు ఒళ్లు చల్లబడింది, గండం గడిచిందనుకున్నాము. ఆ రాత్రి డ్యూటీ నర్సు, వేలికి తగిలించిన ఆక్సీమీటరు చూపిన అంకెతో తృప్తిపడక, నాన్నగారి మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూస్తూ నిమిషం పాటు నాడి లెక్కపెట్టారు. 44. "బీపీకి ఏ మాత్ర వేస్తున్నారండీ?" అని అడిగారు. ఇంటి నుంచి తెచ్చిన అటెనొలాల్‌ను, అది నాడిని నెమ్మదింపజేసే మందని తెలియక, రోజూ తప్పకుండా వేస్తున్నది నేనే. డ్యూటీ డాక్టరు వెంటనే దాన్ని ఆపించి ఈసీజీ తీయించారు, గుండె కండరం దెబ్బతిన్నదీ లేనిదీ తెలిపే ట్రోపోనిన్ పరీక్షకు రక్తం పంపారు, తెల్లవారాక గుండెకు ఎకో స్కానింగ్ చేయించారు.

డెంగ్యూ వైరస్ గుండె కండరానికి వాపు కలిగించగలదని, జ్వరం తగ్గి కోలుకునే దశలో నాడి నెమ్మదించడం తరచుగా కనిపించేదేనని, చాలామందిలో అది దానంతటదే సర్దుకుంటుందని గుండె డాక్టరుగారు ఓపికగా వివరించారు. అయితే రక్తనాళాల నుంచి బయటికి ఊరిన ద్రవం తిరిగి రక్తంలోకి చేరేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే కాబట్టి, అప్పుడూ సెలైన్ అదే వేగంతో ఎక్కిస్తే బలహీనపడిన గుండెకు భారమై ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదముంది. ఎకోలో గుండె పంపింగ్ 48 శాతమే ఉండటంతో సెలైన్ బాగా తగ్గించారు. చికున్‌గున్యా కూడా కొందరిలో గుండెను ఇలాగే పట్టుకుంటుందని ఆయన చెప్పేదాకా, దాన్ని కీళ్ల నొప్పుల జబ్బుగానే ఎరుగుదును.

ఇక ఫిర్యాదులు. డిశ్చార్జి సమ్మరీలో "డెంగ్యూ, ప్లేట్‌లెట్ల తగ్గుదల" అని తప్ప గుండె సంగతి ఒక్క ముక్క లేదు, అటెనొలాల్ ఆపిన విషయమూ లేదు. ఆ కాగితం చూసి మా ఊరి డాక్టరుగారు ఆ మాత్రే మళ్లీ మొదలుపెట్టేవారు. దాన్ని సరిచేయించి, ఈసీజీ నకలు తీసుకోవడానికి రెండుసార్లు తిరిగాను. ఇంకొకటి నవ్వాలో ఏడవాలో తెలియనిది: డెంగ్యూ దోమ ఎక్కువగా పగటిపూట కుడుతుంది, రోగిని కుట్టిన దోమే మరొకరికి వైరస్‌ను మోసుకెళ్తుంది, అటువంటి వార్డులో మా మంచం పక్కనున్న కిటికీ జాలీకి అరచేయంత చిరుగు! బ్యాండేజీ టేపుతో నేనే అతికించాను.

నెల తరువాత అక్కడే తీసిన ఎకోలో పంపింగ్ 60 శాతానికి వచ్చింది. వైద్యానికి ఐదుకు నాలుగున్నర, కాగితాలకు ఒకటి. ఆ జాలీ మాత్రం నెల తరువాత కూడా నా టేపుతోనే ఉంది.