పాక్ట్ రివ్యూ: యాప్ వాడేదే రాయండి, మిగతాది వదిలేయండి

యాప్ టీమ్ మాదాపూర్‌లో, బ్యాకెండ్ టీమ్ గచ్చిబౌలిలో కూర్చునే కంపెనీల్లో ఒక వింత తరచూ కనిపిస్తుంది. రెండు వైపులా టెస్టులన్నీ పచ్చగా ఉంటాయి. స్టేజింగ్‌లో (విడుదలకు ముందు అన్నీ కలిపి చూసే చోట) రెండూ కలిసేసరికి స్క్రీన్ ఖాళీ. కారణం చాలాసార్లు ఒకటే. యాప్ టెస్టుల్లో ఉన్న మాక్ సర్వర్ (అసలు సర్వీస్ బదులు జవాబిచ్చే నకిలీ) యాప్ వాళ్లు చేత్తో రాసుకున్నది, కాబట్టి వాళ్లు కోరిన జవాబే ఇస్తుంది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే బాపతు. బ్యాకెండ్‌లో ఫీల్డు పేరు మారి నెలైనా ఆ మాక్‌కు తెలియదు.

ఈ సందును పూడ్చడానికి పుట్టిన టెస్టింగ్ టూలే పాక్ట్. 2013లో ఆస్ట్రేలియాలోని రియల్‌ఎస్టేట్.కామ్.ఏయూలో ఒక టీమ్ దీన్ని రూబీలో మొదలుపెట్టింది. ఇప్పుడు చాలా భాషల లైబ్రరీలకు లోపల ఉన్నది రస్ట్‌లో రాసిన ఒకే ఇంజిన్. జావా వైపు మాత్రం వేరే అమలు ఉంది. ఓపెన్ సోర్స్, డబ్బు కట్టక్కర్లేదు. పని తీరు చెప్పాలంటే: యాప్ అసలు క్లయింట్ కోడ్‌ను పాక్ట్ మాక్ సర్వర్ మీద నడుపుతారు, ఏం అడిగింది, ఏం ఆశించింది అన్నది ఒక జేసన్ ఫైల్‌గా పడుతుంది (ఇదే కాంట్రాక్ట్), ఆ ఫైల్‌లోని రిక్వెస్టులను నిజమైన సర్వీస్ (పాక్ట్ మాటల్లో ప్రొవైడర్) మీద మళ్లీ ఆడించి జవాబులను పోల్చి చూస్తారు, దీన్నే వెరిఫికేషన్ అంటారు. రెండు సర్వీసులూ ఒకేసారి నడుస్తూ ఉండాల్సిన పని లేదు.

ఇందులో తేలిగ్గా చేయగలిగే తప్పు ఒకటుంది. అసలు క్లయింట్ కోడ్‌ను పక్కనపెట్టి, టెస్టులోనే ఫెచ్ (రిక్వెస్ట్ పంపే జావాస్క్రిప్ట్ ఫంక్షన్) రాసి మాక్ సర్వర్‌ను పిలవడం. టెస్టు పాసవుతుంది, కాంట్రాక్ట్ ఫైల్ కూడా వస్తుంది, కానీ అందులో ఉన్నది టెస్టు రాసిన మనిషి ఊహే, యాప్ పంపే రిక్వెస్ట్ కాదు.

ఉదాహరణకు మెట్రో టికెట్ యాప్ ఒకటి ఉందనుకోండి (ఊహే, అసలు మెట్రో యాప్ గురించి కాదు). ఛార్జీ లెక్కచెప్పే ఫేర్ సర్వీస్‌ను "మియాపూర్ నుంచి రాయదుర్గానికి ఎంత, ఎక్కడ మారాలి" అని అడుగుతుంది. పాక్ట్‌లో దీన్ని ఒక ఇంటరాక్షన్‌గా రాస్తారు. దానికి నాలుగు ముక్కలు: ఒక వివరణ, ప్రొవైడర్ స్టేట్ (సర్వీస్ దగ్గర ముందే ఉండాల్సిన పరిస్థితి), రిక్వెస్ట్, రెస్పాన్స్. రిక్వెస్ట్‌లో మెథడ్, పాత్, క్వెరీ, హెడర్లు, బాడీ. రెస్పాన్స్‌లో స్టేటస్ కోడ్, హెడర్లు, బాడీ. వివరణ, స్టేట్ కలిపి ఆ ఇంటరాక్షన్‌కు గుర్తింపు. ఒకే వివరణ, ఒకే స్టేట్ పెట్టి లోపలి రిక్వెస్ట్ వేరుగా రాస్తే ఫైల్ కలిపేటప్పుడు గొడవ పడుతుంది.

పాక్ట్ రెండు వైపులనూ ఒకే త్రాసులో తూచదు, ఈ టూల్ బలమంతా అందులోనే ఉంది. రిక్వెస్ట్ దగ్గర చాలా కఠినం: బాడీలో కాంట్రాక్ట్‌లో లేని కీ ఒక్కటి ఎక్కువొచ్చినా ఒప్పుకోదు, క్వెరీలో అదనపు పారామీటర్ వచ్చినా ఒప్పుకోదు. హెడర్లకు మాత్రం సడలింపు ఉంది, ఎందుకంటే హెచ్‌టీటీపీ లైబ్రరీలు తమంతట తాము కొన్ని చేరుస్తాయి. రెస్పాన్స్ దగ్గర ఉదారం: మీరు అడిగినవి ఉంటే చాలు, సర్వీస్ ఇంకో ఇరవై ఫీల్డులు పంపినా పట్టించుకోదు. బ్యాకెండ్ వాళ్లు కొత్త ఫీల్డు చేర్చిన ప్రతిసారీ యాప్ వైపు టెస్టులు కూలకపోవడం దీనివల్లే.

రిక్వెస్ట్ సరిపోలకపోతే మాక్ సర్వర్ 500 (సర్వర్‌లో లోపం అనే స్టేటస్ కోడ్) ఇస్తుంది. కొత్తవాళ్లు ఆ 500 చూసి యాప్‌లోని ఎర్రర్ హ్యాండ్లింగ్‌ను వెతుకుతూ పూట గడిపేస్తారు. లాగ్ లెవెల్‌ను డీబగ్‌కు మార్చి చూస్తే ఏ కీ దగ్గర తేడా వచ్చిందో అందులో రాసి ఉంటుంది. నోడ్ (సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపేది) 17, 18 లాంటి వెర్షన్లలో ఇంకో చిక్కు: మాక్ సర్వర్ 127.0.0.1 మీద వింటుంటే, లోకల్‌హోస్ట్ అన్న పేరు ఐపీవీ6 చిరునామా ::1కి వెళ్లి కనెక్షన్ తిరస్కరణ రావచ్చు. పోర్టును చేత్తో రాయకుండా మాక్ సర్వర్ ఇచ్చే యూఆర్‌ఎల్‌నే క్లయింట్‌కు అందిస్తే ఈ బాధ లేదు.

ఇక మ్యాచర్లు, అంటే విలువను ఎలా పోల్చాలో చెప్పే నియమాలు. బాగా రాసిన కాంట్రాక్ట్‌కూ చెత్త కాంట్రాక్ట్‌కూ తేడా ఇక్కడే తేలుతుంది. మ్యాచర్ లేకుండా ఛార్జీ 45 అని రాస్తే, సర్వీస్ సరిగ్గా 45 ఇవ్వాలి. రేట్లు మారిన రోజున కాంట్రాక్ట్ విరుగుతుంది, నిజానికి విరిగిందేమీ లేకపోయినా. టైప్ మ్యాచర్ పెడితే అంకె అయితే చాలు. ఈ టైప్ మ్యాచర్ కింద ఉన్న పిల్ల ఫీల్డులన్నిటికీ కూడా పాకుతుంది, బయటి ఆబ్జెక్ట్‌కు ఒకసారి పెడితే చాలు. పిన్‌కోడ్ 500081 అంకెగా వస్తుందా, కోట్‌లలో స్ట్రింగ్‌గా వస్తుందా అన్నది రెండు టీమ్‌లు ఒక్కసారి కూడా మాట్లాడుకుని ఉండరు. టైప్ మ్యాచర్ ఆ మాట బయటకు లాగుతుంది.

డెసిమల్ మ్యాచర్‌తో మాత్రం జాగ్రత్త. జావాస్క్రిప్ట్‌లో 45.00 అని రాసినా జేసన్‌లోకి వెళ్లేసరికి 45 అవుతుంది. దశాంశం తప్పనిసరి అని మ్యాచర్ పట్టుబడితే, ఛార్జీ పూర్ణాంకమైన ప్రతిసారీ నోడ్‌లో రాసిన సర్వీస్ ఫెయిలవుతుంది. డబ్బు ఫీల్డుకు మామూలు నంబర్ మ్యాచర్ చాలు. పైసల్లో పూర్ణాంకంగా పంపుకుంటే ఇంకా మంచిది.

టికెట్ స్థితి లాంటి ఫీల్డుకు టైప్ చాలదు. యాప్ ఆ విలువను చూసి స్క్రీన్ మారుస్తుంటే, ఏ స్ట్రింగ్ వచ్చినా సరే అనడం మోసమే. అక్కడ రెజెక్స్‌లో (స్ట్రింగ్ ఎలా ఉండాలో చెప్పే నమూనా) అనుమతించే విలువలను నిలువు గీతతో విడదీసి రాయాలి. సమయం విషయానికొస్తే, ఉదాహరణలో చివర జెడ్ (యూటీసీ సమయానికి గుర్తు) పెట్టి, రెజెక్స్ కూడా జెడ్‌కే కట్టేసి కూర్చుంటారు. సర్వీస్ భారత సమయానికి గుర్తైన +05:30 పంపగానే ఎరుపు. యాప్‌లోని పార్సర్ రెండిటినీ చదవగలిగితే మ్యాచర్ కూడా రెండిటినీ ఒప్పుకోవాలి. చదవలేకపోతే ఆ ఎరుపు నిజమైన బగ్‌ను పట్టినట్టే.

లిస్టుల దగ్గర చాలామంది బోల్తా పడతారు. మియాపూర్ నుంచి రాయదుర్గం వెళ్తే రెడ్ లైన్ దిగి అమీర్‌పేటలో బ్లూ లైన్ ఎక్కాలి, కాబట్టి మారాల్సిన స్టేషన్ల లిస్టులో ఒకటి ఉంటుంది. అమీర్‌పేట నుంచి రాయదుర్గానికి ఒకే లైన్, లిస్టు ఖాళీ. ఈచ్‌లైక్ మ్యాచర్ కనీసం ఒక మూలకం ఉండాలంటుంది, ఖాళీ లిస్టు వస్తే ఫెయిల్. కాబట్టి ఇవి రెండు వేర్వేరు ఇంటరాక్షన్లు, రెండు వేర్వేరు స్టేట్‌లు. ఖాళీ లిస్టుకు మ్యాచర్ లేకుండా ఖాళీ బ్రాకెట్లే రాయాలి. ఇలా విడదీసి రాస్తే యాప్‌కు ఒక మేలు కూడా: "నేరుగా వెళ్లొచ్చు" అన్న స్క్రీన్‌కు నిజంగా ఒక టెస్టు ఏర్పడుతుంది.

ఇదే తర్కం నల్‌కు (విలువ ఏమీ లేదని చెప్పే గుర్తు), ఉండీ లేకపోయే ఫీల్డులకు వర్తిస్తుంది. "ఈ ఫీల్డు ఐచ్ఛికం" అని చెప్పే సౌకర్యం పాక్ట్‌లో లేదు, కావాలనే పెట్టలేదు. ఐచ్ఛికం అని రాసిన ఫీల్డు ఒక్కసారి కూడా రాకపోయినా టెస్టు పాసవుతుంది, అప్పుడు అది వస్తుందని మీకు తెలిసేదెలా? ఉన్నప్పుడు ఒకటి, లేనప్పుడు ఒకటి రాయాలి. మొదట్లో విసుగ్గా ఉంటుంది గానీ, నిర్ణయం సరైనదే.

అయితే ఈ లెక్కన ప్రతి వాలిడేషన్ రూల్‌కూ ఒక ఇంటరాక్షన్ రాయడం మొదలుపెడితే పని చెడినట్టే. స్టేషన్ పేరు ఖాళీ అయితే 400 (రిక్వెస్ట్ తప్పు అనే కోడ్), మరీ పొడవైతే 400, అంకెలుంటే 400 అని పదిహేను రాస్తే, అవి ఫేర్ సర్వీస్ చేసుకోవాల్సిన టెస్టులు. యాప్‌కు కావాల్సింది 400 వచ్చినప్పుడు ఎర్రర్ బాడీ ఏ ఆకారంలో ఉంటుంది అన్నదే. ఒక్కటి చాలు. పాక్ట్ మన దగ్గర కుదరలేదు అనే టీమ్‌ల ఫైళ్లు తెరిచి చూస్తే సాధారణంగా ఇదే జబ్బు.

ప్రొవైడర్ వైపు అసలు శ్రమ స్టేట్‌లలో ఉంది. "టికెట్ 42 ఉంది" అని యాప్ రాస్తే, సర్వీస్ టీమ్ ఆ పేరుతో ఒక హ్యాండ్లర్ రాసి డేటాబేస్‌లో ఆ టికెట్ పెట్టాలి. పేరు అక్షరం అక్షరం కలవాలి, చివర చుక్క ఎక్కువైనా వేరే స్టేటే. జావా లైబ్రరీ హ్యాండ్లర్ దొరకకపోతే ఆగి గట్టిగా చెబుతుంది, అన్ని భాషల లైబ్రరీలూ అంత కచ్చితంగా ఉండవు. పాక్ట్ స్పెక్ (కాంట్రాక్ట్ ఫైల్ ఎలా ఉండాలో చెప్పే నిర్దేశం) మూడో వెర్షన్ నుంచి స్టేట్‌కు పారామీటర్లు ఇవ్వొచ్చు, కాబట్టి "టికెట్ ఉంది" అని ఒకే పేరు పెట్టి నంబర్ విడిగా పంపితే హ్యాండ్లర్ల సంఖ్య బాగా తగ్గుతుంది. ఐడీని డేటాబేసే పుట్టించే చోట, స్టేట్ హ్యాండ్లర్ తిరిగిచ్చిన విలువను పాత్‌లో పెట్టే జనరేటర్ కూడా ఉంది. ఇది తెలియక ఐడీలను చేత్తో సరిచేస్తూ ఉంటారు. గుర్తుంచుకోవాల్సింది: పాత్‌కు రెజెక్స్ పెట్టినా, వెరిఫికేషన్‌లో నిజంగా వెళ్లేది మీరిచ్చిన ఉదాహరణ విలువే.

లాగిన్ టోకెన్ సంగతి వేరు. కాంట్రాక్ట్‌లో ఉన్న ఉత్తుత్తి టోకెన్‌ను నిజమైన సర్వీస్ 401 (అనుమతి లేదు) అని తిప్పికొడుతుంది. వెరిఫయర్‌లో రిక్వెస్ట్ ఫిల్టర్ పెట్టి, పంపే ముందు అసలు టోకెన్‌ను అందులోకి మార్చాలి. ఆ ఫిల్టర్‌తో బాడీని కూడా సర్దే దురలవాటు మాత్రం వద్దు, అలా చేస్తే పోల్చేది కాంట్రాక్ట్‌ను కాదు.

ఫైళ్లను అటూ ఇటూ చేరవేయడానికి పాక్ట్ బ్రోకర్ ఉంది. డాకర్ ఇమేజ్ దొరుకుతుంది, 9292 పోర్టు మీద నడుస్తుంది, వెనక పోస్ట్‌గ్రెస్ కావాలి. మీ మిగతా సర్వీసులు ఉన్న చోటే చిన్న మెషిన్ ఒకటి దీనికి సరిపోతుంది. సొంతంగా నడుపుకోలేమంటే పాక్ట్‌ఫ్లో అనే డబ్బు కట్టే సేవ ఉంది. 2022లో దాన్ని స్మార్ట్‌బేర్ కొనుక్కుంది.

బ్రోకర్ లేకుండా పాక్ట్ సగమే. క్యాన్-ఐ-డిప్లాయ్ అనే కమాండ్ "ఈ వెర్షన్ యాప్, ప్రొడక్షన్‌లో ఉన్న ఫేర్ సర్వీస్‌తో సరిపోతుందా" అని అడిగి అవును, కాదు చెబుతుంది. అయితే ప్రతి డిప్లాయ్ తర్వాత రికార్డ్-డిప్లాయ్‌మెంట్ నడపాలి. అది ఒక టీమ్ మర్చిపోయినా, క్యాన్-ఐ-డిప్లాయ్ ఎప్పుడో నెల కిందటి వెర్షన్‌తో పోల్చి ధీమాగా పచ్చజెండా ఊపుతుంది. వెర్షన్‌గా గిట్ కమిట్ నంబరే వాడాలి. లాప్‌టాప్ నుంచి పబ్లిష్ చేయకూడదు, సీఐ (కోడ్ మారిన ప్రతిసారీ బిల్డ్, టెస్టులు నడిపే వ్యవస్థ) నుంచే వెళ్లాలి. ఉదాహరణ విలువల్లో రాండమ్ పేర్లు, ఈ క్షణపు సమయం పెడితే ప్రతి బిల్డ్‌లోనూ కాంట్రాక్ట్ మారినట్టు కనిపించి, వెబ్‌హుక్ (మార్పు రాగానే బ్రోకర్ పంపే కబురు) ప్రతిసారీ సర్వీస్ టీమ్ బిల్డ్‌ను లేపుతుంది. ఆ టీమ్‌తో సంబంధాలు చెడగొట్టుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

దీనికి తోడు పెండింగ్ అనే సెట్టింగ్‌ను మొదటి రోజే ఆన్ చేయాలి. కొత్తగా వచ్చిన, ఇంకా ఒక్కసారీ పాసవ్వని కాంట్రాక్ట్ సర్వీస్ టీమ్ బిల్డ్‌ను విరగ్గొట్టకుండా అది ఆపుతుంది. ఒకసారి పాసైన తర్వాత మళ్లీ విరిగితే మాత్రం బిల్డ్ ఎర్రబడుతుంది. అలా ఉండాలి కూడా.

నచ్చనివి కూడా ఉన్నాయి. డాక్యుమెంటేషన్ భాషకొక మూలన చెదిరి ఉంటుంది. స్పెక్ వెర్షన్ రెండు, మూడు, నాలుగు ఒకపక్క, లైబ్రరీ వెర్షన్ నంబర్లు ఇంకోపక్క, జావాస్క్రిప్ట్‌లో పాక్ట్‌వీ3, పాక్ట్‌వీ4 అనే క్లాస్ పేర్లు మరోపక్క. ఏ మూడు దేని మూడో తెలుసుకోవడానికే కొంతసేపు పడుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు స్పెక్ నాలుగుతో మొదలుపెట్టండి. హెచ్‌టీటీపీ, మెసేజ్ క్యూ ఇంటరాక్షన్లు రెండూ ఒకే ఫైల్‌లో ఇముడుతాయి.

రెండు టీమ్‌లూ ఒకే కంపెనీవై, స్టేట్ హ్యాండ్లర్లు రాయడానికి సర్వీస్ టీమ్ ఒప్పుకుంటే 5కి 4. పేమెంట్ గేట్‌వే లాంటి బయటివాళ్ల ఏపీఐకి 5కి 1, ఎందుకంటే మీ ఫైల్‌ను వాళ్లు వెరిఫై చేయరు. ఎవరు వాడతారో తెలియని పబ్లిక్ ఏపీఐకీ ఇది కుదరదు. అక్కడ ఓపెన్‌ఏపీఐ స్పెక్‌నే (ఏపీఐని వర్ణించే ఫైల్) కాంట్రాక్ట్‌గా నడిపే స్పెక్‌మాటిక్ లాంటివి చూడండి. అందరూ జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్‌లోనే ఉండి, కాంట్రాక్ట్ సర్వీస్ వైపు నుంచి రావడం మీకు సమ్మతమైతే స్ప్రింగ్ క్లౌడ్ కాంట్రాక్ట్ తక్కువ శ్రమ.

మొదలుపెట్టేవాళ్లు ఒకే ఎండ్‌పాయింట్ (సర్వీస్‌లో ఒక చిరునామా), రెండే ఇంటరాక్షన్లతో దిగండి: ఒకటి 200 (దొరికింది), ఒకటి 404 (దొరకలేదు). బ్రోకర్ ముందు, మిగతా ఎండ్‌పాయింట్లు తర్వాత. టెస్టు నడిపే స్క్రిప్ట్‌లో మొదటి లైనుగా పాత పాక్ట్ ఫోల్డర్‌ను తుడిచేసే కమాండ్ పెట్టండి. లేకపోతే కొత్త ఇంటరాక్షన్లు పాత ఫైల్‌లోకే కలుస్తాయి, యాప్ ఎప్పుడో మానేసిన రిక్వెస్ట్ కోసం గచ్చిబౌలిలో ఎవరో హ్యాండ్లర్ రాస్తూ కూర్చుంటారు.