గ్యాస్ బిళ్ళ కొనేటప్పుడు చూడవలసింది దాని పూత, అట్ట

మా రాజోలు మందుల దుకాణాల్లో అందరూ ‘గ్యాస్ బిళ్ళ’ అని అడిగి తీసుకునే పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాముల మాత్రపై ఈ సమీక్ష రాస్తున్నాను. వైద్యులు రాసినందువల్ల మా అమ్మగారు దీన్ని రోజూ పరగడుపున వేసుకుంటున్నారు. లోపలి మందు అన్ని కంపెనీలదీ ఒకటే కాబట్టి, ఏది కొనాలో తేల్చేవి పైనున్న పూత, దాన్ని కాపాడే అట్ట (మాత్రలను విడివిడిగా మూసి ఉంచే రేకు).

పాంటోప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గించే మందే అయినా, ఆమ్లం తగిలితే తానే చెడిపోతుంది. అందువల్ల అది జీర్ణాశయాన్ని చెక్కుచెదరకుండా దాటి, చిన్నపేగులో కరిగి, రక్తంలో కలిసి, తిరిగి జీర్ణాశయపు గోడలోని కణాలను చేరుకోవాలి. ఈ ప్రయాణమంతా పూత మీదే ఆధారపడి ఉంది. ఇలాంటి పూతలకు విరివిగా వాడే పాలిమర్లలో (పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న పదార్థాల్లో) మెథాక్రిలిక్ ఆమ్లం, ఇథైల్ ఆక్రిలేట్ కలిసిన రకం ఒకటి, పరిసరాల పి.హెచ్. (ఆమ్లత్వపు కొలత, ఆమ్లం ఎక్కువైతే ఈ అంకె తగ్గుతుంది) 5.5 దాటేదాకా అది కరగదు. అయితే ఆ పాలిమర్ కూడా ఆమ్ల స్వభావం కలదే, నేరుగా మందుకు తగిలితే దాన్నే పాడుచేస్తుంది. అందుకని రెండింటి మధ్య హైప్రోమెలోజ్ వంటి పదార్థంతో పలుచని అడుగు పూత వేస్తారు. కంటికి ఆనని ఆ పొరలో ఉన్న ఆలోచన నాకెంతో గొప్పగా తోస్తుంది.

మన దేశంలో మందుల ప్రమాణాలను నిర్దేశించే గ్రంథం ఇండియన్ ఫార్మకోపియా ప్రకారం, ఇలా కడుపులో కరగకుండా పేగులో కరిగే పూత (ఎంటెరిక్ పూత) ఉన్న మాత్ర 0.1 మోలార్ గాఢత గల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 2 గంటలు నిలిచి, ఆ తరువాత 6.8 పి.హెచ్. ద్రావణంలో గంటలోపు విడిపోవాలి. ప్రయోగశాల పరీక్షకు సాటి రాదని తెలిసినా, మాత్రను వెనిగర్‌లో 2 గంటలు ఉంచి చూశాను. పసుపు పూత మెరుపు కూడా తగ్గలేదు. కడిగి, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటిలో వేస్తే పూత ముందు ముడతలు పడి, అంచు దగ్గర చీలి, లోపలి తెల్లని పొడి మెల్లగా బయటికొచ్చింది. పూత విషయంలో ఈ మాత్రకు పూర్తి మార్కులు వేస్తాను.

అట్ట దగ్గరే అసలు తేడా కనిపించింది. మేము ఇప్పుడు కొంటున్నది రెండు వైపులా అల్యూమినియం ఉన్న అట్ట. ఇంతకుముందు మరో కంపెనీది, పారదర్శక ప్లాస్టిక్ అట్టలో వచ్చేది, కొన్నాము. గోదావరికి వరద వచ్చే శ్రావణ భాద్రపదాల్లో, వంటింట్లో ఉప్పే నీరుకారే మా లంక గ్రామాల చెమ్మకు, ఆ మాత్రల అంచున గోధుమరంగు మచ్చలు తేలాయి. మామూలు ప్లాస్టిక్ తేమను పూర్తిగా ఆపలేదు కాబట్టి, డెల్టాలో ఉన్నవారు నాలుగు రూపాయలు ఎక్కువైనా అల్యూమినియం అట్టే అడగాలని నా గట్టి అభిప్రాయం. మాత్రలన్నీ ముందే ఊడదీసి డబ్బాలో పోసుకుంటే ఆ రక్షణ కూడా పోతుంది.

ఒక్క లోపం మాత్రం నన్ను బాధిస్తోంది. నమలరాదు, నూరరాదు, పూర్తిగా మింగాలి అన్న సూచన అట్ట వెనుక ఇంగ్లీషులో, చీమ తలంత అక్షరాల్లో ఉంది. మా వైపు పెద్దవాళ్లకు మాత్రలు నూరి తేనెలో రంగరించి ఇవ్వడం అలవాటు. ఈ మాత్రను అలా ఇస్తే పూత పగిలి, మందులో చాలాభాగం కడుపులోనే చెడిపోతుంది. మింగలేనివారి సంగతి వైద్యులకు చెప్పి వేరే రూపంలో రాయించుకోవాలి. దుకాణదారు కొన్ని మాత్రలే కత్తిరించి ఇస్తుంటే, గడువు తేదీ ఉన్న ముక్కను ఇమ్మని అడగండి. అది కుదరకపోతే ఆ తేదీని కవరు మీద రాయించుకోండి.