అనంతపురంలో పెద్దవాళ్లకు చదవడం నేర్పే క్లాసు: నా రివ్యూ

ఈ వయసులో చదవడం నేర్చుకోవడమేంటని మా ఇంట్లో నవ్వారు గానీ, సప్తగిరి సర్కిల్‌కి కాస్త అవతల ఒక రిటైర్డ్ తెలుగు సారు తన మేడ మీద ఆదివారాలు పెట్టే ఈ క్లాసులో నేర్పేది అక్షరాలు కాదు, రాసినాయన చెప్పకుండా వదిలేసింది పట్టుకోవడం. ఫీజు లేదు, జిరాక్సుల డబ్బులిస్తే చాలు.

నాకు బాగా నచ్చింది, కథలతో కాకుండా పేపరుతో మొదలుపెట్టడం. జిల్లాలో సాధారణ వర్షపాతం నమోదైందన్న వార్త చేతికిచ్చి, ఇందులో ఏం లేదో చెప్పండన్నారు. అందరం తెల్లమొహం వేశాం. వాతావరణ శాఖ లెక్కలో సగటు కన్నా 19 శాతం తగ్గినా, 19 శాతం పెరిగినా సాధారణమేనట! పైగా అది జిల్లా మొత్తం మీది సగటు, ఒక మండలం తడిసి పక్క మండలం ఎండిపోయినా ఆ వార్తలో అక్షరం మారదు. ఇక ఎప్పుడు పడిందన్నది అసలు ప్రశ్న. వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టేటప్పుడు చినుకు రాలకుండా, తర్వాతెప్పుడో రెండు రాత్రులు కుండపోతగా కురిసినా కాగితం మీద లెక్క సరిపోతుంది. వెనక కూర్చున్న రైతొకాయన "మాకిది పేపరు చూడకుండానే తెలుసులే సామీ" అన్నాడు.

ప్లాట్ల కరపత్రం కూడా చదివించారు. "ప్రతిపాదిత రింగు రోడ్డు పక్కనే" అంటే ఆ రోడ్డు ఇంకా లేదని. 2016లో వచ్చిన రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన వెంచరు రిజిస్టరై ఉండాలి, ప్రకటనలో ఆ నంబరు వేయాలి. బొమ్మలో స్విమ్మింగ్ పూల్ చూసే ముందు అది వెతకమన్నారు.

కథల దగ్గరికొచ్చేసరికే సారు దారి తప్పుతారు. కోడలు కాఫీ ఇస్తే అత్త "ఈమధ్య చక్కెర తక్కువేస్తున్నావే" అందనుకోండి, అందులో ఎత్తిపొడుపు ఉందంటే ఒప్పుకుంటా, కానీ అక్కణ్ణుంచి ఆస్తి తగాదాల దాకా లాక్కెళ్తే ఎట్లా? అది ఏ వాక్యంలో ఉంది సార్ అని ఒకమ్మాయి అడిగితే "అనుభవం మీద తెలుస్తుందమ్మా" అన్నారు. అదేం జవాబు? వర్షపాతానికి ఆధారం చూపించిన మనిషి అత్తగారికీ చూపించాలి కదా.

గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లలూ వెళ్లొచ్చు, బిట్లు మాత్రం ఆశించొద్దు. మెట్లు బాగా ఎత్తు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చూసుకోండి. ఐదుకి నాలుగు స్టార్లు, ఒకటి కథల క్లాసుకి కోశా.