కారుతో సహా ఓడెక్కి ఐరోపా: ఏళ్ల తరబడి వెళ్ళొచ్చాక నా మాట

ఇంగ్లాండులో ఉన్నన్నాళ్ళూ ఐరోపా చూడటానికి మేం విమానం జోలికి పెద్దగా పోలేదు. మా కారునే ఓడలోకి ఎక్కించి ఇంగ్లీషు ఛానల్ దాటేవాళ్ళం. ఇప్పుడు శ్రీకాకుళం తిరిగొచ్చేశాం. పక్కింటి పిన్నిగారి అబ్బాయి ఇంగ్లాండులోని లీడ్స్‌లో ఉంటాడు. వచ్చే వేసవికి అమ్మానాన్నల్ని తీసుకెళ్ళి కార్లో స్విట్జర్లాండు దాకా తిప్పుతానన్నాడట. "ఏటమ్మా, కారు ఓడలోకి ఎలగెక్కిత్తారు? బయం నేదా?" అని ఆవిడ అడిగారు. ఆవిడకు చెప్పిందంతా ఇక్కడ పెడుతున్నాను. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబానికి ఇంత హాయైన ప్రయాణం ఇంకోటి లేదన్నది నా గట్టి అభిప్రాయం. కాకపోతే ఆ హాయి కాగితాలు సరిగ్గా ఉన్నవాళ్ళకే.

భయపడాల్సింది ఏమీ లేదు పిన్నీ. సఖినేటిపల్లి దగ్గర గోదావరి దాటే పంటు ఎక్కినవాళ్ళకి పద్ధతి తెలిసిందే. అక్కడి ఓడ చాలా పెద్దది, కార్లకూ లారీలకూ వేరువేరు అంతస్తులుంటాయి. ఇంగ్లాండు వైపు డోవర్ రేవులో మనకిచ్చిన వరస నంబరులో నిలబడి, సిబ్బంది చెయ్యి ఊపగానే మన కారు మనమే నడుపుకుంటూ లోపలికి వెళ్ళాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, అలారం ఆపేసి పైకి ఎక్కేయాలి. ఓడ కదిలాక కార్ల దగ్గర ఎవరినీ ఉండనివ్వరు. మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు టికెట్ తీసుకునేటప్పుడే చెప్పి, రేవులో చెక్-ఇన్ దగ్గర మళ్ళీ గుర్తుచేస్తే లిఫ్టుకు దగ్గరగా కారు ఆపిస్తారు. ఈ ఒక్కమాటా అడగడానికి మొహమాటపడొద్దు.

డోవర్ నుంచి ఫ్రాన్స్‌లోని కలే దాకా గంటన్నర ప్రయాణం. అదే దూరాన్ని సముద్రం కింద సొరంగంలో రైలు 35 నిమిషాల్లో దాటిస్తుంది కదా అంటారు. నిజమే, మేమూ దాన్ని వాడాం. కానీ అందులో మన కారు దగ్గరే ఉండాలి, చూడటానికి రైలు గోడ తప్ప ఏమీ ఉండదు. ఓడలో ఆ గంటన్నరా కారు నడిపే మనిషికి నిజమైన విశ్రాంతి. కాళ్ళు చాపుకుని వేడి టీ తాగొచ్చు, పిల్లలు పరిగెత్తొచ్చు. కళింగపట్నం ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూడటమే తప్ప దాని మీద ఎన్నడూ ప్రయాణించని మా అత్తగారు, డోవర్ తెల్లకొండలు వెనక్కి వెళ్ళిపోతుంటే పైడెక్కు మీదనుంచి లోపలికి రానంటే రానన్నారు. చలికాలం గాలులప్పుడు మాత్రం ఊపు గట్టిగానే ఉంటుంది. ఓడ మధ్యభాగంలో, వీలైనంత కింది అంతస్తులో కూర్చుంటే కడుపు తిప్పడం తగ్గుతుంది.

ఇక కాగితాలు. బ్రిటన్ వీసా ఉంటే ఐరోపా అంతా తిరగొచ్చనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. భారతీయ పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా, అంటే ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా, విడిగా కావాల్సిందే. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికి దరఖాస్తు చెయ్యాలి. అమ్మానాన్నలది ఇక్కడినుంచి బయల్దేరకముందే తెచ్చుకోవడం మేలు. డోవర్‌లో ఫ్రెంచి అధికారులు ఓడ ఎక్కకముందే పాస్‌పోర్టులు చూస్తారు, కాబట్టి లేనివాళ్ళు అక్కడినుంచే వెనక్కి. కారు లాగ్‌బుక్ (రిజిస్ట్రేషన్ పత్రం) అసలు ప్రతి వెంట ఉండాలి. లీజు కారైతే దాన్ని విదేశానికి తీసుకెళ్ళడానికి అనుమతిగా వీఈ103 అనే పత్రం తీసుకోవాలి. ఇన్సూరెన్సు విషయంలో మోసపోయేది ఇక్కడే: బ్రిటన్ పాలసీ ఐరోపాలో చెల్లుతుంది గానీ, చాలా పాలసీల్లో అది ఎదుటివాళ్ళ నష్టం వరకే. మన కారుకూ పూర్తి రక్షణ కావాలంటే ముందే ఫోన్ చేసి అడగాలి. 2021 సెప్టెంబరు 28 నుంచి కారు వెనక జీబీ అన్న గుర్తు చెల్లదు, యూకే అని ఉండాలి.

మనవాళ్ళకి తిండి సంగతి ముఖ్యం. బ్రిటన్ నుంచి పాలపదార్థాలు, మాంసం తీసుకెళ్ళనివ్వరు. పెరుగన్నం, నెయ్యి, కోవా ఇంట్లోనే వదిలెయ్యాలి. పచ్చి కరివేపాకు కూడా వద్దు. పులిహోర, ఆవకాయ నిశ్చింతగా పట్టుకెళ్ళొచ్చు. డిక్కీలో చిన్న రైస్ కుక్కర్ పెట్టుకుని దిగిన చోటల్లా అన్నం వండుకునే వీలు విమానం ఇస్తుందా?

అవతల కుడివైపు నడపడం మొదటి గంట ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యాలి, తర్వాత అలవాటైపోతుంది. ఫ్రాన్స్‌లో మోటారు మార్గం మీద గంటకు 130 కిలోమీటర్ల వేగం దాటకూడదు, వాన పడితే 110. బోర్డులేమీ లేని కూడలిలో కుడివైపునుంచి వచ్చేవాడిదే ముందు హక్కు. టోల్ గేటు కిటికీ మన కారుకు ఎడమవైపు వస్తుంది, కాబట్టి టికెట్ తీసుకునే పని ఎప్పుడూ నాదే. ఎదుటివాళ్ళ కళ్ళలో వెలుగు పడకుండా హెడ్‌లైట్లకు స్టిక్కర్లు, మెరిసే జాకెట్లు, బండి ఆగిపోతే వెనక పెట్టే త్రికోణపు గుర్తు తప్పనిసరి. స్విస్ మోటారు మార్గాలకు టోల్ బదులు కొనే ఏడాది స్టిక్కరు 40 ఫ్రాంకులు.

నాకు నచ్చనివీ ఉన్నాయి. ఆగస్టు శనివారాల్లో డోవర్‌లో క్యూ చూస్తే ఏడుపొస్తుంది. ఒకసారి గాలి వల్ల ఓడ ఆలస్యమైనప్పుడు, ఆ కంపెనీవాళ్ళు రేవులో గంటలకొద్దీ ఒక్క మాటా చెప్పలేదు. చంటిపిల్లలతో ఉన్నవాళ్ళని అలా వదిలెయ్యడం అన్యాయం. మామూలు రోజు తెల్లవారుజామున వెళ్ళే ఓడే నా ఓటు. కారు పైన పెట్టె బిగిస్తే ఆ ఎత్తు కూడా కలిపి బుక్ చెయ్యాలి.

పిన్నిగారి అబ్బాయికి మాత్రం నేను డోవర్ చెప్పను. లీడ్స్ నుంచి డోవర్ 400 కిలోమీటర్ల పైనే, హల్ రేవు 100 కిలోమీటర్లు. హల్‌లో సాయంత్రం ఓడెక్కి గదిలో పడుకుంటే పొద్దున్నకి నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్. ధర ఎక్కువే గానీ రోజంతా నడిపే అలసటా, ఒక రాత్రి హోటలు ఖర్చూ తప్పుతాయి. గదిలో కింది పడక పెద్దవాళ్ళకివ్వాలి. రాత్రంతా కార్ల అంతస్తు తాళం వేసి ఉంటుంది, అందుకే బీపీ, షుగరు మాత్రలూ స్వెట్టరూ చేతిసంచిలో పెట్టుకునే పైకి ఎక్కమని బాబాయిగారికి గట్టిగా చెప్పండి.